ఆ పాప ముందు వాళ్ళ నాన్న మాట ఎత్తండి

గోదావరి జిల్లాల్లో స్నేహితుణ్ణి "బావా" అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు. మావాడు కనిపించిన ప్రతివాణ్ణీ బావా అనేవాడు. దాంతో మేమందరం అతణ్ణి అలాగే పిలవడం మొదలుపెట్టాం. చివరికి కోర్టు పక్కన టీ కొట్టాయన కూడా "బావగారికి పంచదార తక్కువ" అని కేకేసేవాడు. అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. "మీరు తప్పకుండా రాయండన్నయ్యా, పేరు మాత్రం వద్దు" అని వాళ్ళావిడ అన్నారు. అందుకని ఇక్కడ కూడా బావ అనే అంటాను.

బావకి కడియపులంకలో నర్సరీ ఉండేది. తెల్లవారకుండా లారీలకి మొక్కలు ఎక్కించడం, సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి రాజమండ్రి వచ్చి బాస్కెట్‌బాల్ ఆడటం, ఇదీ దినచర్య. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. పొట్ట మనిషికంటే ఒక అడుగు ముందుండేది. ప్యాంటు మడతల్లో ఎప్పుడూ మట్టి ఉండేది. బంతి రింగుకి తగిలి బయటికి పోతే "రింగు పదడుగులే, కానీ నా పొట్టతో కలిపి లెక్కేస్తే పన్నెండు బావా" అనేవాడు. ఓడిన జట్టు రోజ్ మిల్క్ ఇప్పించాలన్నది మా రూలు. ఆ లెక్కన బావ ఇప్పించినన్ని రోజ్ మిల్క్‌లు ఈ ఊళ్ళో ఇంకెవరూ ఇప్పించి ఉండరు.

మేం ఎవరం ఆటగాళ్ళం కాదు. ఒకాయన బ్యాంకులో చేస్తాడు, ఒకాయనది మందుల షాపు, ఇంకొకాయన ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే నేరుగా కోర్టుకి వచ్చేస్తాడు. నలభై దాటిన తండ్రులం. పిల్లలు చదువుకుంటున్నది ఇలాంటి స్కూళ్ళలోనే. ఫీజుల గురించీ, ర్యాంకుల గురించీ, ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అవసరమా కాదా అన్నదాని గురించీ మా చర్చలన్నీ ఆ కోర్టు గట్టు మీదే జరిగేవి.

బావ పోయి ఈ నెలకి పది నెలలు. వయసు 44. ఈ వ్యాసం ఆయనకి నివాళి మాత్రమే కాదు. ఆయన పోయాక ఆయన కూతురి విషయంలో మేమందరం కలిసి చేసిన ఒక పొరపాటు గురించి తోటి తల్లిదండ్రులతో చెప్పుకోవాలనిపించింది. ఇలాంటి పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఒకరిద్దరు ఉంటారు. రేపు ఏ తరగతిలో ఎవరి పక్కన కూర్చుంటారో తెలియదు.

కింద నుంచి విసిరే షాట్

బావ ఆటలో ఒక వింత ఉండేది. ఫ్రీ త్రో వస్తే అందరిలా నుదుటి మీద నుంచి కాకుండా, రెండు చేతులతో బంతిని మోకాళ్ళ మధ్య నుంచి పైకి విసిరేవాడు. బావిలోంచి బాల్చీ లాగుతున్నట్టుండేది. కుర్రాళ్ళు పడీ పడీ నవ్వేవారు. బావ కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి, "పడిందా లేదా, అది చెప్పండి" అనేవాడు. చాలాసార్లు పడేది.

ఆ షాట్ వెనక పెద్ద కథే ఉంది. రిక్ బ్యారీ అనే అమెరికన్ ఆటగాడు ఎన్‌బీఏలో ఉన్నంతకాలం ఫ్రీ త్రోలు ఇలాగే వేశాడు. వందకి దాదాపు 90 రింగులో పడ్డాయి. ఆ పద్ధతి నేర్చుకొమ్మని వెంటబడినది వాళ్ళ నాన్నే. చిన్నప్పుడు తోటివాళ్ళు నవ్వుతారని బ్యారీ మొరాయించాడు, తర్వాత నాన్న మాట విన్నాడు. విల్ట్ చాంబర్లేన్ అనే మరో మహా ఆటగాడు 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు చేశాడు. ఆ రోజు 32 ఫ్రీ త్రోలు వేస్తే 28 పడ్డాయి. అవన్నీ కింద నుంచి విసిరినవే. అయినా తర్వాత ఆ పద్ధతి మానేశాడు. వెర్రివాడిలా కనిపిస్తున్నానేమోనని సిగ్గుపడి మానేశానని తన ఆత్మకథలో తనే ఒప్పుకున్నాడు.

ఈ రెండు కథలూ బావ పిల్లలకి తెగ చెప్పేవాడు. చివర్లో ఒకటే ప్రశ్న వేసేవాడు. "ఒకడు నవ్వుతారని మానేశాడు, ఇంకొకడు నవ్వినా మానలేదు. మీరు ఎవరి జట్టు?" మన పిల్లలు క్లాసులో తెలిసిన జవాబు కూడా చెప్పకుండా కూర్చుంటున్నది ఎందుకు? తప్పయితే నవ్వుతారనే కదా. ఆ భయం పోగొట్టడానికి మనం వ్యక్తిత్వ వికాసం క్లాసులకి పంపుతున్నాం. బావ తన కూతురి కళ్ళ ముందు నలుగురిలో నవ్వులపాలవుతూ, హాయిగా నవ్వుతూ, ఆ పాఠం ఉచితంగా చెప్పాడు.

ఆ రోజు నేను అన్న మాట

ముందురోజు సాయంత్రం ఆట మధ్యలో బావ గట్టు మీద కూర్చుండిపోయాడు. "ఎడం చెయ్యి లాగుతోంది బావా, రెండు రోజుల్నుంచీ ఛాతీలో పట్టేసినట్టుంది. గ్యాసేమో" అన్నాడు. "మొక్కలు మొయ్యడం మాని కూలీని పెట్టుకో, వయసైపోతోంది" అని నేను జోకేశాను. బావ నవ్వాడు. సోడా తాగి ఇంటికి వెళ్ళాడు. తెల్లవారుజామున పోయాడు.

ఆ జోకు నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. అందుకే ఇక్కడ ఆగి రెండు ముక్కలు చెప్పాలి. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్ళకంటే సగటున ఐదారేళ్ళు ముందే వస్తోంది. ఛాతీ పట్టేయడం, ఎడం చేతికో దవడకో నొప్పి పాకడం, చెమటలు, ఆయాసం కనిపిస్తే అది గ్యాసో కాదో తేల్చాల్సింది డాక్టరు, ఈసీజీ. సోడా కాదు, స్నేహితుడి జోకు కాదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మనిషి కుప్పకూలి ఊపిరి ఆడకపోతే, అంబులెన్స్ వచ్చేలోగా ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్లు దిగేలా నొక్కుతూ ఉండాలి. 2021 జూన్ 12న యూరో కప్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే కుప్పకూలాడు. వెంటనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. మరుసటి ఏడాది అతను ప్రపంచకప్‌లో ఆడాడు. ఈ విద్య నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మా కోర్టు వాళ్ళం పదకొండు మందిమి నేర్చుకున్నాం. బావ ఉండగా నేర్చుకోలేదు.

ఇంకో మాట కూడా ఊళ్ళో తిరిగింది. "ఆటలాడే పోయాడు, ఆ వయసులో ఎందుకా గెంతులు" అని. అది విని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు పిల్లల్ని కూడా బాస్కెట్‌బాల్ మాన్పించారు. బావని తీసుకుపోయింది ఆట కాదు. రెండు రోజులు పట్టించుకోని నొప్పి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లల టైంటేబుల్‌లో ఆ 60 నిమిషాలు ఎక్కడున్నాయో ఈ రాత్రి ఒకసారి చూడండి. పరీక్షలు దగ్గరపడితే మొదట ఎగిరిపోయేది ఆటల పీరియడే. ఎగరగొట్టమని అడిగేది చాలాసార్లు మనమే.

"నాన్న గురించి రాయకూడదా?"

ఇక అసలు విషయానికి వస్తాను.

బావకి ఇద్దరు పిల్లలు. పాప ఎనిమిదో తరగతి, బాబు రెండో తరగతి. పెద్దకర్మ అయ్యాక, భోజనాలయ్యాక, హాల్లో ఫొటోకి దండ వేశాక, అందరం ఒక తీర్మానం చేసుకున్నట్టు బావ మాట ఎత్తడం మానేశాం. ఎవరూ చెప్పుకోలేదు. "పాప ముందు అనకండి, బెంగపెట్టుకుంటుంది" అన్న జాలి అందరిలోనూ ఉంది. వాళ్ళింటికి వెళ్తే మామిడిపళ్ళ ధరలు మాట్లాడేవాళ్ళం. స్కూలు వ్యాన్‌లో మా అమ్మాయీ, మిగతా పిల్లలూ పాప ఎక్కగానే తమ నాన్నల గురించి మాట్లాడుకోవడం ఆపేసేవారట. ఆపమని చెప్పింది మేమే.

తర్వాత ఒకరోజు క్లాసులో "మా నాన్న" అని వ్యాసం రాయమన్నారు. ఆ టీచరుగారు మంచి మనసుతోనే పాపని పక్కకి పిలిచి, "నువ్వు వేరే ఏదైనా రాసుకో అమ్మా" అన్నారు. పాప "మా ఊరి నది" అని రాసింది. మంచి మార్కులు వచ్చాయి. ఇంటికి వచ్చి వాళ్ళమ్మని అడిగింది, "నాన్న గురించి నేను రాయకూడదా అమ్మా? నాకూ నాన్న ఉన్నారు కదా?"

ఆవిడ ఈ మాట ఫోన్లో నాకు చెప్పినప్పుడు నా దగ్గర జవాబు లేదు.

టీచరుగారి తప్పేం లేదు. ఆవిడ చేసింది మేమందరం అప్పటికి రెండు నెలల్నుంచీ చేస్తున్నదే. పాపకి బాధ కలగకూడదనుకున్నాం. కానీ పాపకి అర్థమైంది వేరు. తన ఇంట్లో ఏదో చెప్పుకోకూడనిది జరిగింది, నాన్న మాటెత్తితే పెద్దవాళ్ళ మొహాలు మాడిపోతాయి, కాబట్టి నోరు మూసుకోవాలి. బెంగ మాత్రం ఎక్కడికీ పోలేదు. పంచుకోవడానికి ఉన్న మనుషులు పోయారు. బంతి ముట్టుకోవడం కూడా మానేసింది.

బాబు సంగతి ఇంకోరకం. వాడికి ఎవరో "నాన్న ఊరెళ్ళారు" అని చెప్పారు. వాడు నెలరోజులు వీధి గుమ్మంలో కూర్చున్నాడు. చిన్నపిల్లలు మాటని మాటగానే నమ్ముతారు. "ఊరెళ్ళారు" అంటే తిరిగొస్తారని ఎదురుచూస్తారు. "నిద్రపోయారు" అంటే నిద్రకే భయపడతారు. చనిపోయారు, ఇక రారు, అందులో నీ తప్పేమీ లేదు, మేమంతా నీతోనే ఉన్నాం అని సూటిగా చెప్పడమే పిల్లలకి మేలని ఈ విషయం తెలిసిన నిపుణులు అంటారు. చెప్పడం కష్టమే. అబద్ధం దాన్ని ఇంకా కష్టం చేస్తుంది.

గోదావరి నేర్పిన పాఠం

అసలు ఇది మన ఊళ్ళో మనకి తెలియని విషయం కాదు. 2015 పుష్కరాల్లో మా నాన్నగారికి పిండప్రదానం చెయ్యడానికి కోటిలింగాల ఘాట్‌కి వెళ్ళాను. బావ తోడు వచ్చాడు. పురోహితుడుగారు మూడు తరాల పేర్లు చెప్పమన్నారు. తండ్రి పేరు, తాత పేరు చెప్పాను. ముత్తాత పేరు రాలేదు. ఆ నీళ్ళలో నిలబడి మా మేనత్తకి ఫోన్ చేసి కనుక్కున్నాను. "లెక్కల్లో సెంట్ పర్సెంట్, ముత్తాత దగ్గర ఫెయిల్" అని బావ అక్కడ కూడా నవ్వించాడు.

ఆ తంతులో నాకు బాగా గుర్తున్న సంగతి ఒకటి ఉంది. కన్నవాళ్ళకీ, రక్తసంబంధీకులకీ అయ్యాక కారుణ్య తర్పణాలు ఉంటాయి. అందులో గురువుకీ, స్నేహితుడికీ కూడా చోటుంది. పేరు పెట్టి పిలవాలి. మన పెద్దలు పోయినవాళ్ళని మౌనంతో కాకుండా పేరుతో తలుచుకోమన్నారు. మా చర్చి మిత్రుడు చెప్పాడు, సమాధుల పండగ రోజున వాళ్ళు కూడా ఇంటిల్లిపాదీ వెళ్ళి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుంటారట. ఏడాదికో పన్నెండేళ్ళకో చేసే ఆ పనిని మామూలు రోజుల్లో కూడా చెయ్యడమే నేను అడుగుతున్నది. ముత్తాతల పేర్లు నోటికి రాకపోవడానికి కారణం ఇళ్ళలో వాళ్ళ కథలు చెప్పుకోకపోవడమే.

1990లో అమెరికాలో ఒక సంఘటన జరిగింది. లయోలా మేరీమౌంట్ విశ్వవిద్యాలయం జట్టులో హ్యాంక్ గాదర్స్, బో కింబుల్ అని ఇద్దరు ప్రాణస్నేహితులు ఉండేవారు. ఇద్దరూ ఫిలడెల్ఫియా కుర్రాళ్ళు. గాదర్స్‌కి గుండె జబ్బు ఉంది. మార్చి 4న ఆడుతూ ఆడుతూ కోర్టులోనే కుప్పకూలి చనిపోయాడు. వయసు 23. అతనికి ఫ్రీ త్రోలు సరిగా పడేవి కావు. అందుకని కుడిచేతివాటం ఉన్నా ఎడంచేత్తో ప్రయత్నించేవాడు. కొద్ది రోజులకే జాతీయ టోర్నమెంటు. కింబుల్ తనకి వచ్చిన మొదటి ఫ్రీ త్రోని స్నేహితుడి కోసం ఎడంచేత్తో వేశాడు. బంతి రింగులో పడింది. గాదర్స్ గొప్పవాడని అతను ఉపన్యాసం ఇవ్వలేదు. స్నేహితుడిలో అందరూ నవ్వుకున్న ఆ చిన్న అలవాటునే తీసుకుని అందరి ముందూ చేసి చూపించాడు.

మేం చేసింది

పాప అడిగిన ప్రశ్న విన్న తర్వాత, వాళ్ళమ్మగారి అనుమతి తీసుకుని, ఒక ఆదివారం పొద్దున్న ఆ ముగ్గురినీ కోర్టుకి పిలిచాం. ఉపన్యాసాలు వద్దనుకున్నాం. "మంచివాడు, సరదా మనిషి" అన్న మాటలు కూడా వద్దనుకున్నాం. అవి ఎవరి గురించైనా చెప్పొచ్చు. ఒక్కొక్కరూ ఒక్కో సంఘటన చెప్పాలి.

మందుల షాపాయన, బావ తన పెళ్ళిరోజుకి గులాబీ మొక్క ఇస్తానని చెప్పి పొరపాటున పనస మొక్క ఇచ్చిన సంగతి చెప్పాడు. అది ఇప్పుడు వాళ్ళ గోడని పగలగొడుతోందట. బ్యాంకాయన, బావ స్కూలు రోజుల్లో జిల్లా జట్టు ఎంపికలకి వెళ్ళి వెనక్కి వచ్చిన కథ చెప్పాడు. "నన్ను తీసుకోలేదు కాబట్టే ఆ ఏడాది జట్టు గెలిచింది" అని బావ చెప్పుకునేవాడట. ఈ కథ పాపకి తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా నవ్వింది. నేను ఆ సాయంత్రం గట్టు మీద అన్న మాట చెప్పాను. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. వాళ్ళావిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంట్లో నేను కూడా గ్యాసే అనుకున్నానన్నయ్యా" అన్నారు.

ఆ తర్వాత ఆట మొదలైంది. మొదటి ఫ్రీ త్రో వచ్చినప్పుడు అందరం పాప వైపు చూశాం. రెండు చేతులతో, మోకాళ్ళ మధ్య నుంచి, అచ్చం నాన్నలాగే విసిరింది. బంతి రింగుదాకా వెళ్ళలేదు. "మళ్ళీ వేస్తా" అంది. అప్పట్నుంచీ మా కోర్టులో ప్రతి ఆదివారం మొదటి ఫ్రీ త్రో కింద నుంచే వెయ్యాలన్నది రూలు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఎందుకని అడుగుతారు. పాపే చెబుతుంది.

ఆ అమ్మాయి బాధ తీరిపోయిందని చెప్పను. కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడదు. కొన్ని ఆదివారాలు రాదు. రాకపోతే ఎందుకు రాలేదని నిలదీయం. మాట్లాడమని బలవంతపెట్టడం కూడా తప్పే. తలుపు తీసి ఉందని తెలిస్తే చాలు.

మీకు ఒక విన్నపం

మీ పిల్లల తరగతిలో తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలు ఉంటే, ఆ పిల్లల ముందు మీ పిల్లల నోరు కట్టెయ్యకండి. పోయిన మనిషి మీకు తెలిసినవారైతే ఒక్క సంఘటన, చిన్నదైనా సరే, ఆ పిల్లలకి చెప్పండి. "నీకోసం మేమున్నాం" అనడం కంటే "మీ నాన్న ఒకసారి ఏం చేశాడో తెలుసా" అనడం ఎక్కువ పని చేస్తుంది. స్కూల్లో "మా నాన్న" వ్యాసం వస్తే, రాస్తావా వద్దా అని ఆ పిల్లల్నే అడగమని టీచర్లని కోరదాం. ఇదంతా మొదటి నెల చేసి ఆపకండి. అందరూ వచ్చేది మొదటి పదిహేను రోజులే. పిల్లలకి మనుషులు కావాల్సింది ఆ తర్వాత.

మన గురించి కూడా ఒక మాట. మనం పోయాక మన పిల్లలు చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? కట్టిన ఫీజుల రసీదులూ, కొన్న ప్లాటూ మిగులుతాయి, మంచిదే. బావ పిల్లలకి ఒక వింత షాట్ మిగిలింది, ఒక పనస చెట్టు కథ మిగిలింది, నలుగురు నవ్వినా ఫరవాలేదన్న ధైర్యం మిగిలింది. దానికి ఆయన రోజుకి ఒక గంట ఖర్చుపెట్టాడు.

2027 పుష్కరాలకి గోదావరిలో దిగినప్పుడు బావ పేరు చెబుతాను. అప్పటిదాకా ఆగను. ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మేం కోర్టులో ఉంటాం. పాపకి ఇప్పుడు పదింట నాలుగు పడుతున్నాయి. ఓడినవాళ్ళు రోజ్ మిల్క్ ఇప్పించాలన్న రూలు మారలేదు.